కాంక్రీట్‌లో నానో కణాలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: నానో సిలికా అంటే బాగా మెత్తగా నూరిన ఇసుకే, అది ఖాళీలను పూడ్చడానికి మాత్రమే పనికొస్తుంది.

వాస్తవం: ఇసుకలోని సిలికా స్ఫటిక రూపంలో ఉండి సిమెంట్‌తో దాదాపుగా చర్య జరపదు, నానో సిలికాకు ఆ స్ఫటిక నిర్మాణం ఉండదు. సిమెంట్ రేణువు సగటున 10 నుంచి 20 మైక్రాన్లు ఉంటే, నానో సిలికా కణం 100 నానోమీటర్ల (మైక్రాన్‌లో వెయ్యో వంతు ఒక నానోమీటర్) లోపే ఉంటుంది కాబట్టి, ఒక్క గ్రాములోనే పదుల నుంచి వందల చదరపు మీటర్ల ఉపరితలం చర్యకు అందుబాటులోకి వస్తుంది. సిమెంట్ నీటితో కలిసినప్పుడు బలాన్నిచ్చే కాల్షియం సిలికేట్ హైడ్రేట్‌తో పాటు, బలానికి అంతగా తోడ్పడని కాల్షియం హైడ్రాక్సైడ్ కూడా ఏర్పడుతుంది. నానో సిలికా ఈ రెండోదాన్ని మొదటిదానిగా మార్చడమే కాక, ఆ హైడ్రేట్ పెరగడం మొదలయ్యే కేంద్రకంగా కూడా నిలుస్తుంది. కంకర రాళ్ల చుట్టూ ఉండే బలహీనమైన పలుచని పొర చిక్కబడటమే నా దృష్టిలో దీనివల్ల కలిగే అసలైన మేలు, ఎందుకంటే పగుళ్లు ఎక్కువగా మొదలయ్యేదీ, నీరు సులువుగా చొరబడేదీ అక్కడే.

అపోహ: ఎంత ఎక్కువ వేస్తే అంత బలం వస్తుంది.

వాస్తవం: మా రంగంలో ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. సాధారణంగా సిమెంట్ బరువులో 1 నుంచి 3 శాతం సరిపోతుంది. అంతకు మించితే కణాలు ఒకదాన్నొకటి ఆకర్షించి ముద్దలు కడతాయి. పొడిని నేరుగా మిక్సర్‌లో కుమ్మరించినా జరిగేది అదే. బల పరీక్షలో పగిలిన కాంక్రీట్ ఘనం (క్యూబ్) ముక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే, చర్య జరగని సిలికా ముద్దలు కనిపిస్తాయి, అలాంటి ప్రతి ముద్దా ఒక బలహీన స్థానమే. పైగా అంత ఉపరితలం తడవడానికి నీరు ఎక్కువ కావాలి గనుక మిశ్రమం బిగుసుకుపోయి స్లంప్ (తడి కాంక్రీట్ ఎంత సులువుగా జారుతుందో చెప్పే కొలత) పడిపోతుంది, అప్పుడు ఎవరైనా నీళ్లు పోశారంటే నానో కణాలు తెచ్చిన ప్రయోజనమంతా నీటిపాలే. ముందుగానే ద్రవంలో చెదరగొట్టిన నానో సిలికాను తీసుకుని, సూపర్‌ప్లాస్టిసైజర్ (నీరు పెంచకుండానే మిశ్రమాన్ని జారుగా చేసే రసాయనం) మోతాదును ట్రయల్ మిక్స్‌లో, అంటే ముందుగా కలిపి చూసే నమూనా మిశ్రమంలో, సరిచూసుకోవడమే సరైన పద్ధతి.

అపోహ: నానో కణాలు వేస్తే క్యూరింగ్ (కాంక్రీట్‌ను తడిగా ఉంచడం) తగ్గించవచ్చు.

వాస్తవం: వాస్తవానికి తొలి గంటల నుంచే తడి మరింత జాగ్రత్తగా నిలపాలి. చర్య వేగంగా సాగి లోపలి నీరు త్వరగా ఖర్చవుతుంది కాబట్టి స్వయం సంకోచం (కాంక్రీట్ తనంతట తానే కుంచించుకుపోవడం) పెరిగి, తొలి రోజుల్లోనే పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంటుంది.

అపోహ: ఏ నానో కణమైనా పని ఒకటే.

వాస్తవం: టైటానియం డయాక్సైడ్‌ను వేసేది ప్రధానంగా బలం కోసం కాదు. అతినీలలోహిత కాంతి పడినప్పుడు అది ఉపరితలంపై పేరుకున్న సేంద్రియ మలినాలను విచ్ఛిన్నం చేస్తుంది. 2003లో పూర్తయిన రోమ్‌లోని డివెస్ ఇన్ మిసెరికోర్డియా చర్చి తెల్లని గోడలకు అటువంటి సిమెంటే వాడారు. కార్బన్ నానోట్యూబులు (కార్బన్‌తో ఏర్పడిన అతి సన్నని గొట్టాలు) అతి సూక్ష్మమైన పగుళ్లకు వంతెనల్లా నిలుస్తాయి, ఒత్తిడికి తగ్గట్టు కాంక్రీట్ విద్యుత్ నిరోధం మారేలా చేస్తాయి, అయితే ఇనుప చువ్వలకు అవి ప్రత్యామ్నాయం కావు.

అపోహ: కాంక్రీట్‌లో కలిసిపోయేవే కనుక వీటివల్ల మనుషులకు హాని లేదు.

వాస్తవం: గట్టిపడిన కాంక్రీట్‌లో బంధించబడిన కణాల కంటే, కలిపేటప్పుడు గాలిలో లేచే పొడి గురించే ఎక్కువ ఆందోళన చెందాలి. గాలిలో లేచిన ఆ కణాలు ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరగలవు. పొడిని తూచి, కలిపే కార్మికులకు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం చాలదు, సూక్ష్మ ధూళిని ఆపే రెస్పిరేటర్ ఇవ్వాలి. గట్టిపడిన ఉపరితలాన్ని కోసేటప్పుడూ, అరగదీసేటప్పుడూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.