పత్తి ధర ఎక్కడ తెగుతుంది?

చిరంజీవులైన మనవళ్లకూ మనవరాళ్లకూ తాతయ్య ఆశీస్సులు.

దేశాల మధ్య వ్యాపారాన్ని అధికారం ఎలా నడిపిస్తుందో చూసే అంతర్జాతీయ రాజకీయ అర్థశాస్త్రాన్ని పేద దేశాల వైపు నుంచి చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. పత్తి బస్తా దగ్గర మొదలుపెట్టండి. 2001లో మన పత్తిని వరంగల్ మార్కెట్‌కు తోలుకుపోయినప్పుడు, ఖరీదుదారు బస్తాలోకి చెయ్యి జొనిపి గుప్పెడు పత్తి తీసి, పింజను వేళ్ల మధ్య సాగదీసి చూసి, నేను అనుకున్నదానికంటే చాలా తక్కువ ధర చెప్పాడు. ఆయన మీద కోపం తెచ్చుకున్నాను. ఆ ఏడాది ప్రపంచ మార్కెట్లోనే దూది ధర దాదాపు ముప్పై ఏళ్ల కనిష్ఠానికి పడిపోయిందని తరువాత తెలిసింది.

అందుకు కారణాలు అనేకం ఉన్నా, ఒకటి మాత్రం చేతులారా చేసింది. అమెరికా 1999–2003 మధ్య తన పత్తి రైతులకు 1,200 కోట్ల డాలర్లకు పైగా రాయితీలిచ్చింది. ధర ఎంత పడినా అక్కడి రైతుకు లోటు రాదు కనుక సాగు తగ్గలేదు, మిగులు దూది ప్రపంచ మార్కెట్లోకి వచ్చి పడింది. పత్తి ఎగుమతే ప్రధాన ఆధారమైన బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలీ అనే ఆఫ్రికా దేశాలు ఆ దెబ్బకు కుదేలయ్యాయి. 2003 జూన్‌లో బుర్కినా ఫాసో అధ్యక్షుడు బ్లేజ్ కాంపావోరే స్వయంగా జెనీవా వెళ్లి, రాయితీలు ఎత్తివేయాలని, ఎత్తివేసేదాకా తమ నష్టాన్ని పూడ్చాలని దేశాల మధ్య వ్యాపార నియమాలను చూసే ప్రపంచ వాణిజ్య సంస్థను కోరాడు. సెప్టెంబరులో మెక్సికోలోని కాన్‌కూన్‌లో జరిగిన ఆ సంస్థ సమావేశపు ముసాయిదాలో వాళ్లకు దొరికిన జవాబు, పత్తి నుంచి వేరే రంగాలకు మళ్లడానికి తోడ్పడతామన్నది. రాయితీ ఇచ్చేవాణ్ణి మానమనకుండా పండించేవాణ్ణి మానమన్నారన్నమాట. ఇప్పటికీ అది తలచుకుంటే నాకు కడుపు మండుతుంది.

ఇదే విషయంపై 2002లో అదే సంస్థలో అమెరికా మీద వ్యాజ్యం వేసిన బ్రెజిల్ మాత్రం గెలిచి, 2014లో అమెరికాతో 30 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. ఏళ్ల తరబడి కేసు నడిపే స్తోమత, అమెరికా సరుకుల మీద ఎదురు సుంకాలు వేస్తామని బెదిరించగల సత్తా దానికున్నాయి. ముడిసరుకు అమ్మే దేశం కాలక్రమంలో నష్టపోతుందని 1950 ప్రాంతంలోనే వాదించిన అర్జెంటీనా ఆర్థికవేత్త రౌల్ ప్రెబిష్‌ను ఈ కథ తెలిశాక చదివితే బాగా అర్థమవుతాడు.

అయితే పేద దేశాల లోపల అందరి ప్రయోజనమూ ఒకటేననుకోకండి. 2012 మార్చిలో మన దేశమే పత్తి ఎగుమతులను హఠాత్తుగా నిషేధించింది. ఆ నిర్ణయాన్ని కోయంబత్తూరు మిల్లు వైపు నుంచి ఒకసారి, గుంటూరు రైతు వైపు నుంచి ఒకసారి పరిశీలించి, మీకేమనిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య