‘మౌస్’ వెనక: నగలు పుచ్చుకున్న బంధువు, డైరీలు తగలబెట్టిన తండ్రి

2022 జనవరిలో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో మెక్‌మిన్ కౌంటీ పాఠశాల బోర్డు ఆర్ట్ స్పీగెల్‌మన్ తన తండ్రి వ్లాడెక్ నాజీల కాలపు అనుభవాలపై గీసి రాసిన బొమ్మల పుస్తకం ‘మౌస్’ను ఎనిమిదో తరగతి పాఠ్యాంశాల నుంచి తీసేస్తూ, కొన్ని తిట్టుమాటలనూ ఒక చిన్న నగ్నచిత్రాన్నీ కారణంగా చూపింది. ఆ చిత్రం 1968లో ఆత్మహత్య చేసుకున్న రచయిత తల్లి ఆన్యాది. చదివేవారిని ఈ పుస్తకం నిజంగా ఇరుకున పెట్టే చోటు ఇది కాదు.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, నాజీల మారణహోమం నుంచి బతికి బయటపడ్డ యూదులను జాలితో పాటు అనుమానమూ వెంటాడింది: అంతమంది పోతే నువ్వెలా మిగిలావు? ఇజ్రాయెల్ 1950లో నాజీలనూ వారికి సహకరించినవారినీ శిక్షించేందుకు చేసిన చట్టం కింద, శిబిరాల్లో తోటి ఖైదీల మీద అజమాయిషీ చేసిన యూదు కాపోలు కూడా బోనెక్కారు. నాజీలు ఏర్పరచిన యూదు మండళ్ల పాత్రను రాజకీయ తత్వవేత్త హన్నా ఆరెంట్ 1963లో నిలదీసినప్పుడు పెద్ద దుమారమే రేగింది. బాధితుడికీ బాధించేవాడికీ నడుమ ఉన్న ఆ మసక ప్రాంతానికి ఆష్విట్జ్ అనే నాజీ మృత్యుశిబిరం నుంచి బతికొచ్చిన రచయిత ప్రీమో లెవీ ‘బూడిదరంగు మండలం’ అని పేరు పెట్టిన వ్యాసం 1986లో వెలువడింది. ‘మౌస్’ మొదటి సంపుటం వచ్చిందీ ఆ ఏడే.

ఈ పుస్తకం బొమ్మల్లో యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు. ఎవరు ఏ పక్షమో ముఖం చూసి చెప్పేయవచ్చనిపిస్తుంది గానీ, పోలండ్‌లోని స్రోడులా ఘెట్టోలో (నాజీలు యూదులను నిర్బంధించిన వాడలో) పోలీసు అధికారం చేతిలో ఉన్న హాస్కెల్ కూడా ఎలుకే, పైగా కథానాయకుడు వ్లాడెక్‌కు బంధువు. అతను నగలు తీసుకుని వ్లాడెక్‌నూ ఆన్యానూ తప్పిస్తాడు. ఆన్యా తల్లిదండ్రుల నగలూ తీసుకుంటాడు, వారిని మాత్రం ఆష్విట్జ్ బండి ఎక్కకుండా ఆపడు. అంతకు ముందు, 1942లో పక్కనే ఉన్న సోస్నోవియెత్స్ మైదానంలో నాజీలు యూదులను బతకనిచ్చేవారిగా, చావుకు పంపేవారిగా వేరు చేసినప్పుడు, బతికే వరుసలో నిలిచిన వ్లాడెక్ తండ్రి, నలుగురు పిల్లలతో అవతలి వైపు పడ్డ కూతురి కోసం కంచె దాటి వెళ్లిపోతాడు. ఒకే కుటుంబం, ఒకే ఊరి పరిసరాలు.

న్యూయార్క్‌లో ముసలి వ్లాడెక్ సగం ఖాళీ చేసిన సీరియల్ డబ్బాను దుకాణానికి తిరిగిచ్చి, శిబిరాల్లో పడ్డ కష్టాలు చెప్పుకొని వేరే సరుకులు తెచ్చుకుంటాడు; కొడుకు సిగ్గుతో కారులోనే కూర్చుంటాడు. ఇదంతా యుద్ధం మిగిల్చిన గాయమేనని సరిపెట్టుకోబోతే, తానూ శిబిరాలు చూసివచ్చిన రెండో భార్య మాలా అడ్డుపడుతుంది: అందరమూ వాటిలో ఉన్నవాళ్లమే, ఇలా ఎవరూ లేరు. ఆమె మాటను కొట్టివేయకుండా అచ్చువేయడంలోనే ఈ పుస్తకం నిజాయితీ ఉందని నా అభిప్రాయం.

ఈ చిక్కు అంతకన్నా లోతుకు, సాక్ష్యం దాకా పోతుంది. ఎప్పటికైనా కొడుకు చదువుతాడన్న ఆశతో ఆన్యా యుద్ధం తర్వాత తన కథంతా డైరీల్లో రాసిపెట్టింది. ఆమె పోయాక, జ్ఞాపకాలు భరించలేక, వ్లాడెక్ వాటిని తగలబెట్టాడు. సంగతి తెలిసిన ఆర్ట్ తండ్రిని హంతకుడంటాడు. ఆ మాటతోనే మొదటి సంపుటం ముగుస్తుంది. 1982లో కన్నుమూసే లోపు వ్లాడెక్ టేపుల్లో చెప్పిందే ఇక పుస్తకానికి ఆధారం. ఆష్విట్జ్‌లో విడిపోయాక అమ్మ ఏం అనుభవించిందని కొడుకు అడిగితే, నాకు జరిగిందే ఆమెకూ జరిగింది, ఘోరం, అని ఊరుకుంటాడు.