పాపం అన్నప్పుడు జాలా, తీర్పా?

మిర్చి సీజన్‌లో ఒకసారి బాపుతో మార్కెట్ యార్డుకు పోయాను. మా పక్క కుప్ప ఒక ముసలాయనది. తాలు కాయ ఉందంటూ బస్తాకు కిలో తరుగు తీస్తుంటే ఆయన నోరు మెదపలేదు, రుమాలు పిండుకుంటూ కాంటా వంకే చూస్తున్నాడు. బాపు "పాపం" అన్నాడు. ఆయన మీద జాలితో అన్నాడా, తరుగు తీసేవాళ్లు చేసేది తప్పని అన్నాడా? తెలుగులో రెండిటికీ ఒకటే మాట. మంచిచెడ్డలు తేల్చేది మనసా, బుద్ధా అన్న పాత తగాదా నన్ను పట్టుకున్నది అక్కడే.

మన దగ్గర బద్దెన, కాకతీయుల సామంతుడని చెప్తారు, ఎవరేం చెప్పినా విను కానీ వెంటనే తొందరపడకు, నిజమేదో కల్ల ఏదో తేల్చుకున్నవాడే నీతిపరుడు అన్నాడు. అంటే బుద్ధి పక్షం. స్కాట్లాండ్‌లో తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1739లో దీన్ని తలకిందులు చేశాడు: బుద్ధి ఉద్వేగాలకు బానిస, అలాగే ఉండాలి కూడా. హత్యను ఎంత పరీక్షించినా అందులో 'తప్పు' అనేది కనబడదు, నీ గుండెలోకి చూసుకుంటేనే దొరుకుతుంది అన్నాడు. 1785లో జర్మన్ తత్వవేత్త కాంట్ ఒప్పుకోలేదు. ఆయన ఉదాహరణ మన యార్డుకు అచ్చంగా సరిపోతుంది: చిన్నపిల్లాడొచ్చినా ఒకటే ధరకు అమ్మే దుకాణదారు, బేరం పోతుందనే భయంతో అలా చేస్తే అందులో నీతి లేదు. జాలితో చేసిన మేలుకూ ఆయన నీతి విలువ ఇవ్వలేదు, ధర్మమని తెలిసి చేయాలన్నాడు. ఇది నాకు మింగుడుపడదు.

తర్వాత అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త కోల్‌బర్గ్ 1958లో 72 మంది మగపిల్లలతో మాట్లాడి, నీతి అంటే మెట్టుమెట్టుగా ఎదిగే ఆలోచన అన్నాడు. 2001లో ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త జోనథన్ హైట్, తీర్పు ముందే మనసులో పడిపోతుంది, కారణాలు తర్వాత వెతుక్కుంటాం అన్నాడు. 2007 పరిశోధన ఇంకా లోతుకు పోయింది, నుదుటి వెనక మెదడు భాగం దెబ్బతిన్న ఆరుగురిలో తెలివి బాగానే ఉంది, జాలి, సిగ్గు లాంటివి మాత్రం బాగా తగ్గాయి. ఐదుగురిని కాపాడటానికి ఒకర్ని చేతులారా చంపొచ్చా అంటే, మిగతావాళ్లకంటే వాళ్లే ఎక్కువగా సరే అన్నారు.

అందుకే నేను హ్యూమ్ వైపు, కానీ పూర్తిగా కాదు. ఆ రోజు బాపు పాపం అని ఊరుకోలేదు. చీటీ వెనక లెక్క కట్టాడు: 40 బస్తాలు, 40 కిలోలు, అంటే ఒక బస్తా మిర్చి ఊరికే పోయినట్టు. అది గట్టిగా చదివాక చుట్టుపక్కల కుప్పల వాళ్లు లేచి కాంటా దగ్గరికి వచ్చారు.