కవరులో పత్తికాయ

చిన్నూ, బుజ్జీ,

కవరు విప్పగానే పగిలిన పత్తికాయ ఒకటి మీ చేతిలో పడి ఉంటుంది. మొన్న మన చేలో కోసిందే. పారేయకండి, దానితో పని ఉంది.

పోయిన ఆదివారం ఫోన్‌లో బుజ్జి అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. “మనుషులంతా సమానంగా పుట్టారని 1776లోనే రాసుకున్న అమెరికాలో, ఆ తర్వాత కూడా దాదాపు 90 ఏళ్లు బానిసలు ఎలా ఉన్నారు తాతయ్యా?” అని. రెండు ముక్కల్లో తేలే మాట కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ కాయలోంచి ఒక్క గింజ ఊడదీయండి. గోళ్లతో పట్టి లాగాలి. దూది ఓ పట్టాన వదలదు, వదిలినా గింజకు నూగు అంటుకునే ఉంటుంది. ఇప్పుడు మన వైపు ఎక్కువగా వేసేది అమెరికా నుంచి వచ్చిన జాతి పత్తే. జార్జియా రాష్ట్రం లోపలి నేలల్లో పండిందీ ఈ జాతే. చేత్తో గింజ తీస్తే రోజంతా కూర్చున్నా ఒక మనిషికి పౌను దూది, అంటే అర కిలో లోపే వచ్చేది. అంత చాకిరీతో పత్తి ఎవరికి గిట్టుతుంది? బానిసలతో సాగు చేయించే పొగాకు భూములు కూడా సారం పోగొట్టుకున్నాయి. ఉత్తరాన పెన్సిల్వేనియా 1780లోనే బానిసత్వాన్ని మెల్లమెల్లగా తీసేసే చట్టం చేసింది. బానిసత్వం దానంతటదే పోతుందిలే అని అప్పటి పెద్దలు చాలామంది అనుకున్నారు.

1793లో ఎలీ విట్నీ అనే కుర్రాడు, కాలేజీ చదువు ముగించి జార్జియాకు వచ్చినవాడు, ఒక యంత్రం చేశాడు. చెక్క రోలరుకు తీగలతో పళ్లు. ఎదురుగా సన్నని సందులు. పళ్లు దూదిని సందులోంచి లాక్కుపోతాయి, గింజ పట్టక ఇవతలే ఆగిపోతుంది. వెనక ఒక బ్రష్ దూదిని దులిపేస్తుంది. దాంతో రోజుకు 50 పౌన్లు.

ఇక్కడే జాగ్రత్తగా చూడండి. తేలికైంది గింజ తీసే పని ఒక్కటే. విత్తడం, కలుపు తీయడం, వంగి కాయకాయనూ ఏరడం అన్నీ మనుషుల చేతులతోనే చేయాలి. యంత్రం ఎంత వేగంగా తిరిగితే దానికి అంత పత్తి తెచ్చిపోయాలి, అంతమంది బానిసలు కావాలి. 1790 జనాభా లెక్కల్లో బానిసలు దాదాపు 7 లక్షలు. 1860 నాటికి దాదాపు 40 లక్షలు. బయటి నుంచి బానిసలను తేవడాన్ని 1808 నుంచి నిషేధించారు, నిజమే. కానీ దేశంలోపల అమ్మకం ఆగలేదు. వర్జీనియా, మేరీలాండ్‌లలో తల్లినీ పిల్లనూ విడదీసి, గొలుసులు వేసి, పత్తి భూములకు నడిపించారు. ఇది రాస్తుంటే నా చేయి ఆగింది. మీ వయసు పిల్లలూ ఆ వరసల్లో ఉన్నారు.

రాజ్యాంగం కూడా దీనికి అడ్డుపడలేదు. పార్లమెంటు సీట్ల కోసం తలలు లెక్కపెట్టేటప్పుడు అయిదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కవేశారు. సీట్లు యజమానుల రాష్ట్రాలకు పెరిగాయి, ఓటు మాత్రం బానిసకు లేదు. న్యూజెర్సీలో ఆస్తి ఉన్న ఆడవాళ్లు కొన్నేళ్లు ఓటు వేశారు. 1807లో అదీ తీసేశారు.

పత్తికి భూమి కావాలి. ఆ భూమి చెరోకీ లాంటి ఆదివాసీ జాతులది. చెరోకీలు తమ భాషకు సొంత లిపి చేసుకున్నారు, 1828లో పత్రిక పెట్టుకున్నారు, 1832లో సుప్రీంకోర్టులో గెలిచారు కూడా. అయినా 1838లో సైన్యం వచ్చి వాళ్లను ఇళ్లలోంచి తోలేసింది. దారిలో, శిబిరాల్లో దాదాపు 4,000 మంది పోయారని అంచనా.

ఇక ఆ దూది ఎక్కడికి పోయింది? చాలావరకు ఇంగ్లండుకి. కొంత అమెరికాలోనే ఉత్తరాన, మసాచుసెట్స్ రాష్ట్రంలోని లోవెల్ ఊరికి. మీ అత్త దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడి పాత మిల్లు చూశాను. ఇప్పుడది మ్యూజియం. లోపలికి వెళ్లేముందు చెవుల్లో పెట్టుకోవడానికి ప్లగ్గులు ఇచ్చారు. మగ్గాలు కొన్ని తిప్పి చూపించారు, కాళ్లకింద నేల అదిరింది. ఆ హోరులో రైతుల ఇళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలు రోజుకు పన్నెండు గంటలకు పైగా నిలబడేవారు. గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి. అయినా సొంత జీతం చేతికి రావడం వాళ్లకు కొత్త. 1834లో ఆ జీతం కోస్తామంటే మగ్గాలు ఆపి వీధిలోకి వచ్చారు, మేం స్వతంత్రుల బిడ్డలం అన్నారు. ఆ సమ్మె ఓడిపోయింది, కానీ నాకు వాళ్లంటే గౌరవం. వాళ్లలో కొందరు బానిసత్వం పోవాలని అర్జీల మీద సంతకాలు కూడా పెట్టారు.

బుజ్జీ, నీ ప్రశ్నకు నాకు దొరికిన జవాబు అక్కడే ఉంది. దక్షిణాన బానిసలు ఏరిన దూది లోవెల్ చేరి, ఈ పిల్లల చేతుల్లో బట్ట అయ్యేది. అందులో బాగా ముతకదాన్ని తోటల యజమానులు చౌకగా కొని బానిసలకు తొడిగేవారు. ఆ బట్టను బానిసలు ఊరి పేరుతోనే ‘లోవెల్’ అని పిలిచేవారు.

గింజ వచ్చిందా? సంక్రాంతికి వచ్చినప్పుడు నాకు చూపించండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య