ఎండకు ఓర్చే మొక్కకూ మొలకప్పుడు దాహమే

తులసి, సునాముఖి లాంటివి ఎండకు ఓర్చుకుంటాయని విని, మిద్దె మీద విత్తనాలు చల్లి, రెండు రోజులకోసారి నీళ్లు పోసేవాళ్లు చాలామంది. వారం తిరిగేసరికి కుండీ ఖాళీగా కనిపిస్తుంది. విత్తనం మంచిది కాదనుకుంటారు. చాలాసార్లు తప్పు నీళ్ల దగ్గరే జరుగుతుంది. బెట్టను తట్టుకునే బలం లోతుకు దిగిన వేళ్లలో, ముదిరిన ఆకుల్లో ఉంటుంది. మొలకకు ఆ రెండూ ఇంకా రాలేదు.

పొడి విత్తనం నెలల తరబడి నీళ్లు లేకుండా ఉండగలదు. నాని ఉబ్బినా, వేరు మొన బయటికి రానంతవరకు దాన్ని మళ్లీ ఆరబెట్టవచ్చు. రైతులు కొన్ని విత్తనాలను నానబెట్టి, నీడన ఆరబెట్టి విత్తగలిగేది అందుకే. వేరు తెల్లగా తొంగిచూశాక ఆ వీలు పోతుంది. అప్పుడు పైమట్టి ఒక్క మధ్యాహ్నం పూర్తిగా ఎండినా మొలక చచ్చిపోవచ్చు.

ఈ గండం దాటడానికి విత్తనాలు పట్టిన దారులు చూస్తే నిజంగా ముచ్చటేస్తుంది. సబ్జా గింజలు నీళ్లలో వేయగానే వాటి చుట్టూ జిగురు పొర కడుతుంది కదా, దాని బంధువైన తులసి గింజకూ పలుచగా అలాంటి పొరే వస్తుంది. అది గింజను మట్టికి అతికించి, చుట్టూ తడిని పట్టి ఉంచుతుంది. అందుకే తులసిని లోతుగా పాతకుండా పైన చల్లి, కాస్త వర్మీకంపోస్ట్ దులిపి, స్ప్రేయర్‌తో తడిపితే చాలు. చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి.

సునాముఖి తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. చిక్కుడు కుటుంబానికి చెందిన దీని గింజ పైపెంకు నీళ్లను లోపలికి రానివ్వదు. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం లాంటి చోట ఈ మొండితనం ఎంత అవసరమో ఊహించండి. తొలకరి ఒక్క జల్లుతో ఊరించి ముఖం చాటేస్తే, మొలిచినవన్నీ మాడిపోతాయి. పెంకు గట్టిగా ఉన్న గింజలు మాత్రం తర్వాతి వాన కోసం మట్టిలో మిగిలే ఉంటాయి. ఇంట్లో మనకు అంత ఓపిక అక్కర్లేదు. గింజలను గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, రాత్రంతా నానబెడితే త్వరగా మొలుస్తాయి.

మొలకలకు తడి ఆరకూడదు, అలాగని నీళ్లు నిలవనూ కూడదు. నిలిస్తే నారుకుళ్లు తెగులు మొదళ్లను మెత్తబరిచి పడేస్తుంది. నాలుగైదు జతల ఆకులు వచ్చాక నీళ్ల మధ్య వ్యవధి పెంచాలి. పోసినప్పుడు మాత్రం కుండీ అడుగు రంధ్రంలోంచి బయటికి వచ్చేదాకా పోయాలి. పైమట్టి ఆరుతుంటే వేళ్లు తడిని వెతుక్కుంటూ కిందికి దిగుతాయి. రోజూ కొద్దికొద్దిగా చిలకరిస్తే పైనే అల్లుకుపోయి, ఒక్కపూట ఎండకే వాడిపోతాయి.

అయితే చిన్న కుండీలో వేరు దిగడానికి చోటే ఉండదు, మిద్దె వేడికి మట్టీ ఉడికిపోతుంది. కనీసం అడుగు లోతున్న కుండీ కావాలి. తల్లివేరు లోతుగా పోయే సునాముఖిని నారు పోసి మార్చడం కన్నా, అది పెరగబోయే కుండీలోనే నేరుగా విత్తడం మేలు.