అమెరికా స్కూల్లో ఈఎస్ఎల్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో హైస్కూలు పిల్లలకు ఈఎస్ఎల్ చెబుతాను. ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న వాళ్లకు ఆసరాగా పెట్టిన తరగతి అది. తొమ్మిదిలోనో పదిలోనో ఇక్కడికి వచ్చిన తెలుగు పిల్లల తల్లిదండ్రులు తరచూ అనే మాటలివి.

అపోహ: "మావాడు ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే. ఈఎస్ఎల్ అక్కర్లేదండీ."

వాస్తవం: చేర్చేటప్పుడు ఇంటి భాష తెలుగు అని రాస్తే ఇంగ్లిష్ ఎంత వచ్చో చూసే పరీక్ష పెడతారు. దాన్ని తప్పించుకోవడానికి కొందరు 'ఇంగ్లిష్' అని రాసేస్తారు. తర్వాత నాతో ఫోనులో తెలుగులోనే మాట్లాడతారు! ఈఎస్ఎల్ వద్దని సంతకం పెట్టే హక్కు మీకుంది. పెట్టినా ఏటా జరిగే భాషా పరీక్ష తప్పదు, పోయేది సాయం ఒక్కటే. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనా పిల్లలు సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచిన సాయం ఇది.

అపోహ: "గడగడా మాట్లాడేస్తోంది కదా, ఇంకేం కావాలి?"

వాస్తవం: కబుర్ల భాష రెండేళ్లలో వచ్చేస్తుంది. చదువుల భాషకు అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందని టొరంటో ప్రొఫెసర్ జిమ్ కమిన్స్ ఏనాడో చెప్పారు. భోజనాల దగ్గర బాస్కెట్‌బాల్ గురించి అందరినీ వాదనలో ఓడించే అమ్మాయే బయాలజీ రిపోర్టులో "నీళ్లలో మొక్క పెట్టాం, బుడగలు వచ్చాయి" అని రాసి కలం పక్కన పెట్టేస్తుంది. దీపం దూరం జరిపితే బుడగలు ఎందుకు తగ్గాయని అడిగితే తెలుగులో పొల్లుపోకుండా చెబుతుంది. కారణాన్నీ ఫలితాన్నీ ముడివేసే ఇంగ్లిష్ వాక్యమే ఇంకా చేతికి రాలేదు. అందుకే ముందు తెలుగులో చెప్పించి, అలాంటి వాక్యాల మొదళ్లు బోర్డు మీద రాసిచ్చి, తర్వాత రాయిస్తాను. కాలేజీలో మార్కులు ఆ వాక్యాలకే. రేపు ఉద్యోగంలో పని ఎందుకు ఆలస్యమైందో మేనేజరుకు రాయాలన్నా అవే కావాలి.

అపోహ: "ఇంట్లో తెలుగు మానేస్తే ఇంగ్లిష్ త్వరగా వస్తుంది."

వాస్తవం: మానకండి. పై అమ్మాయికి పాఠం అర్థమైంది తెలుగు దన్నుతోనే. పైగా చాలా రాష్ట్రాల్లో రెండు భాషలు చదవడం, రాయడం వచ్చిన వారికి డిప్లొమాపై 'సీల్ ఆఫ్ బైలిటరసీ' ఇస్తారు. తెలుగులో ఆ పరీక్ష రాసే వీలుందేమో స్కూల్లో అడగండి.

అపోహ: "ఈఎస్ఎల్‌లో ఉంటే మంచి కాలేజీలు తీసుకోవు."

వాస్తవం: ఈఎస్ఎల్ పిల్లలకు ఏటా పెట్టే భాషా పరీక్ష స్కోరును కాలేజీ దరఖాస్తులో అడగరు.

అపోహ: "ఇంగ్లిష్ ఒక్కటి కుదిరితే మిగతావన్నీ అవే కుదురుతాయి."

వాస్తవం: అన్నిటికంటే నష్టం చేసేది ఈ నమ్మకమే. హెచ్-4 వీసాపై (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చేది) ఉన్న పిల్లలు జీతం తీసుకుని పనిచేయకూడదు, వేసవి సెలవుల్లో దుకాణంలో కూడా. కాలేజీకి ఫెడరల్ ఆర్థిక సాయం రాదు. 21 నిండితే హెచ్-4 పోతుంది, చదువు కొనసాగాలంటే సాధారణంగా ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారాలి. ఆ రాష్ట్రం వాళ్లకు కాలేజీలో ఉండే తక్కువ ఫీజు మీ పిల్లలకు వర్తించేదీ లేనిదీ రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఇవి పన్నెండో తరగతిలో తెలిస్తే చేయగలిగింది తక్కువ. పదిలోనే కౌన్సెలరును కలవండి. ఇంగ్లిష్‌లో మాట్లాడటం మీకు ఇబ్బందైతే తెలుగు తెలిసిన దుబాసీని ఏర్పాటు చేయమనండి, ఆ ఖర్చు స్కూలుదే.