ప్లస్ పానా లెక్క

మొన్న వానాకాలంలో లంగర్‌హౌజ్ దాటాక కారు టైరు పంక్చరైంది. డిక్కీలో ఉన్న ఎల్ ఆకారపు పానాను నట్టుకు తగిలించి, ఒంట్లో ఉన్న బరువంతా పిడి మీద వేశాను. నట్టు కదల్లేదు సరికదా, పానా జారి వేళ్ళు రోడ్డుకు గీసుకుపోయాయి. పక్కనున్న పంక్చర్ షాపు కుర్రాడు ప్లస్ గుర్తులా ఉండే పానా పట్టుకొచ్చాడు. ఎడమ చేత్తో కిందికి నొక్కుతూ, కుడి చేత్తో పైకి లాగుతూ ఒక్క ఊపులో నట్టు వదులు చేసేశాడు. "ఒక్క దిక్కే నూకితే జారతది సార్, రెండు చేతులు పెట్టాలె" అన్నాడు.

ఆ రెండు చేతుల పనికి ఫిజిక్స్ పుస్తకంలో పేరు బలయుగ్మం. రెండు సమాన బలాలు, సమాంతరంగా, ఎదురెదురు దిశల్లో, ఒకే గీత మీద కాకుండా పనిచేయాలి. మొత్తం బలం సున్నా కాబట్టి అవి వస్తువును ఎటూ నెట్టవు, తిప్పుతాయంతే. ఎంత గట్టిగా తిప్పుతాయో చెప్పేది బలయుగ్మ భ్రామకం. ఒక బలాన్ని తీసుకుని, రెండు బలాల గీతల మధ్య ఉన్న లంబదూరంతో, అంటే ఆ గీతలకు 90 డిగ్రీల్లో కొలిచిన దూరంతో గుణిస్తే అది వచ్చేస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ చదువుతున్న మా మేనకోడలికి ఇక్కడే అనుమానం వచ్చింది. "రెండు బలాలున్నాయి కదా మామయ్యా, రెండుతో గుణించొద్దా?"

కుర్రాడి పానాతోనే లెక్క చేశాం. నట్టు నుంచి ఒక్కో చెయ్యి 20 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. ఒక్కో చేతి బలం 250 న్యూటన్లు, అంటే ఇంచుమించు 25 కిలోల బరువు. ఒక చేతి వంతు 250 × 0.2, అంటే 50 న్యూటన్ మీటర్లు. రెండో చెయ్యీ అటే తిప్పుతోంది కాబట్టి ఇంకో 50. మొత్తం 100. ఇప్పుడు సూత్రం ప్రకారం చూడండి: 250 × 0.4, మళ్ళీ 100. దూరాన్ని 20 కాకుండా 40గా తీసుకున్నప్పుడే రెండో చెయ్యి లెక్కలోకి వచ్చేసింది. మళ్ళీ రెండుతో గుణిస్తే దాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టే. పరీక్షల్లో మార్కులు ఎక్కువగా పోయేది ఇలాంటి చోటే అని నా అనుమానం.

ఇంకో చిన్న మెలిక లంబదూరం అన్న మాటలో ఉంది. చేతులు పానాకు 30 డిగ్రీల వాలుగా లాగితే ఆ 40 సెంటీమీటర్లు 20కి పడిపోతాయి. కష్టం అంతే, ఫలితం సగం.

ఆమె రెండో ప్రశ్న అంతకన్నా మంచిది. "నట్టు దగ్గర్నుంచే ఎందుకు కొలిచావు? వేరే చోటు నుంచి కొలిస్తే?"

మీటరు స్కేలు తీశాను. 20 గుర్తు దగ్గర 5 న్యూటన్లు కిందికి, 70 దగ్గర 5 న్యూటన్లు పైకి. సున్నా గుర్తు నుంచి చూస్తే 70 దగ్గరి బలం అపసవ్యంగా, అంటే గడియారం ముళ్ళకు ఎదురుగా 3.5 తిప్పుతుంది, 20 దగ్గరిది సవ్యంగా 1. తీసేస్తే అపసవ్యంగా 2.5 న్యూటన్ మీటర్లు. 50 గుర్తు నుంచి చూస్తే రెండూ అపసవ్యమే: 1.5, 1. కలిపితే 2.5. అదే గీతను చార్మినార్ దాకా పొడిగించి అక్కడ్నుంచి కొలిచినా సరే, రెండు దూరాలూ కిలోమీటర్లకు పెరుగుతాయి కానీ వాటి తేడా అరమీటరే. 5 × 0.5, మళ్ళీ 2.5.

ఒంటరి బలానికి ఈ సౌకర్యం లేదు. కొలిచే చోటు మారితే దాని భ్రామకమూ మారిపోతుంది. బలయుగ్మానికి మాత్రం ఎక్కడ్నుంచి అన్న ప్రశ్నే అక్కర్లేదు. పాఠం మొత్తంలో ఇంత అందమైన సంగతి ఇంకోటి లేదనుకుంటాను. గైడుల్లో దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు.

బలయుగ్మాన్ని ఇలా సొంత కాళ్ళ మీద నిలబెట్టింది ఫ్రెంచ్ గణితవేత్త లూయీ ప్వాన్సో, 1803లో స్థితిశాస్త్రం (కదలకుండా ఉన్న వస్తువుల మీది బలాల లెక్క) మీద రాసిన పుస్తకంలో. ఆయన ఉపాయంతో నా పానా ఎందుకు జారిందో తెలిసిపోతుంది. నా పిడి పొడవు 30 సెంటీమీటర్లు అనుకుంటే, అదే 100 న్యూటన్ మీటర్లకు సుమారు 333 న్యూటన్లతో కిందికి నొక్కాలి. ఇప్పుడు నట్టు దగ్గర 333 పైకి, 333 కిందికి ఉన్నట్టు ఊహించుకోండి. రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి ఏమీ మారదు. కానీ పిడి మీది బలం, నట్టు దగ్గరి పైబలం కలిస్తే బలయుగ్మం. నట్టు దగ్గర కిందికి నొక్కే 333 మాత్రం మిగిలిపోతుంది.

తిప్పడంలో కుర్రాడికీ నాకూ తేడా లేదు. తేడా అంతా ఆ మిగులులోనే. పైగా ఎల్ పానా పిడి నట్టు ఉన్న తలంలో ఉండదు, కాస్త బయటికి జరిగి ఉంటుంది. అందుకే అక్కడ నొక్కిన బలం నట్టును తిప్పడంతో ఆగకుండా పానా మూతిని కూడా ఒరిగించి ఊడగొడుతుంది. ప్లస్ పానాలో రెండు చేతులూ సమానంగా పనిచేస్తే మిగులు సున్నా, ఒరిగించేదే ఉండదు.

ఒంటి చేత్తో స్టీరింగ్ తిప్పే డ్రైవర్లను చూసి "మరి వాళ్ళకు రెండో బలం ఎక్కడ్నుంచి వస్తుంది?" అని అడిగింది మేనకోడలు. స్టీరింగ్ రాడ్డును పట్టుకున్న బేరింగు ఇస్తుంది. చెయ్యి ఎంత నెడితే అది అంత వెనక్కి నెడుతుంది. నా ఎల్ పానాను అలా పట్టుకునే బేరింగు లేదు, ఆ పని నా వేళ్ళు చేయబోయాయి.